ప్రశ్నల చిట్టా ఎవరి దగ్గరుంది?

"మన సంస్థ విద్యా విజయాలు, జాతీయ స్థాయి గుర్తింపు గురించి ఒక పేజీ రాయండి గురువుగారూ" అని మన పూర్వ విద్యార్థుల సమ్మేళనం కమిటీ నుంచి ఫోను. ఇంత మర్యాదగా మాట్లాడిన ఈ పెద్దమనిషి ఒకప్పుడు మెస్‌లో రోజూ నా అప్పడం ఎత్తుకుపోయినవాడే. రిటైరైన వాళ్లకి వేరే పనేముంటుందని వాడి నమ్మకం.

విజయాల పట్టిక కమిటీ దగ్గర ఎలాగూ ఉంటుంది. 1977లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరు పెట్టారు, 2008లో అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. మన పట్టాల మీదేమో ఆంధ్రా యూనివర్సిటీ ముద్ర. 2023లో ఆ ఆంధ్రా యూనివర్సిటీకి, కాలేజీలకూ యూనివర్సిటీలకూ గ్రేడులిచ్చే న్యాక్ నుంచి ఏ ప్లస్ ప్లస్ వస్తే మన గ్రూపులో పూతరేకుల ఫొటోలు తిరిగాయి. రెండు పుట్టిళ్లున్న ఆడపడుచులం మనం, ఎక్కడ శుభకార్యం జరిగినా చీర మనదే.

నాకు మాత్రం జాతీయ గుర్తింపు అనగానే పొందూరు మాస్టారు గుర్తొస్తారు. అసలు పేరు రాస్తే మీలో సగం మంది ఈయనెవరని అడుగుతారు. గంజి పెట్టిన ఖద్దరు చొక్కా, ఎడమ జేబులో సుద్దముక్కలు, ఆ జేబు కింద ఎన్ని ఉతుకులకూ పోని తెల్లటి మరక. ఏ పాఠం ఎక్కడ మొదలైనా చివరికి స్టాటిస్టిక్స్ మహానుభావుడు సి.ఆర్. రావు గారి దగ్గరికి చేరాల్సిందే. ఒకసారి కాంప్లెక్స్ ఎనాలిసిస్ చెబుతూ కూడా చేరారు. ఎలా చేరారో ఆ క్లాసులో మేలుకుని ఉన్న ఒకే ఒక్కడికి, మేం టార్చిలైటు అని పిలిచేవాడికే తెలియాలి.

"మన యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. మొదటి ర్యాంకు. ఉద్యోగానికని కలకత్తా వెళ్లారు, ఆ ఉద్యోగం రాలేదు. రాకపోవడమే మంచిదయింది" అని ఆగేవారు. ఆ తర్వాతి వాక్యం క్లాసంతా కోరస్‌గా చెప్పేది. 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం, పాఠం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేయడం, రావు గారు రాత్రంతా కూర్చుని జవాబు కనిపెట్టడం, 1945లో అది అచ్చవడం. పక్షపాతం లేని ఏ అంచనాకైనా వేరియన్స్, అంటే ఊగిసలాట, ఒక హద్దు కన్నా తగ్గదని చెప్పే క్రేమర్-రావు అసమానత పుట్టుక మాకు సత్యనారాయణ వ్రతకథలా నోటికొచ్చు. అంతా అయ్యాక మాస్టారు అడిగేవారు: "జవాబుకు రావు గారి పేరు పెట్టారు. మరి ప్రశ్న అడిగినవాడి మాటేమిటి?"

అందుకే ఆ చిట్టా. ఎర్ర గుడ్డ అట్ట, కోమటి కొట్లో ఉండే లాంటి పొడుగు పుస్తకం. ఎవరైనా పనికొచ్చే ప్రశ్న అడిగితే తేదీ వేసి, పేరు రాసి, కింద సంతకం చేయించుకునేవారు. పనికిరాని ప్రశ్న అడిగితే టీ ఇప్పించాలి. మా బ్యాచ్ పుణ్యమా అని చిలకపాలెం టీ కొట్టు బాగుపడింది.

మేం బెల్లం అని పిలిచే క్లాస్‌మేటు అడిగిన ప్రశ్నకు మాత్రం మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. సున్నా నుంచి తీటా వరకు యూనిఫామ్ డిస్ట్రిబ్యూషన్, అంటే ఆ మధ్యలో ఏ విలువకైనా సమాన అవకాశం; తీటా ఎంతో అంచనా వేయాలి. శాంపిల్‌లో అన్నిటికన్నా పెద్ద విలువ తీసుకుని, దాన్ని (ఎన్ + 1)/ఎన్ పెట్టి (ఎన్ అంటే శాంపిల్ సైజు) గుణించి, వేరియన్స్ కట్టాడు వీడు. రావు గారి హద్దు కన్నా తక్కువ వచ్చింది! "హద్దు కిందకి దిగకూడదన్నారు కదా సార్, ఇది దిగిపోయింది." ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు నవ్వలేదు. లెక్క బోర్డు మీద మళ్లీ కట్టారు, మళ్లీ అంతే వచ్చింది. "రావు గారినే పట్టుకున్నావు రా" అని బయటికెళ్లిపోయారు. జవాబు ఆయనకు తెలుసని ఇప్పుడు నా అనుమానం. ఆ రాత్రి హాస్టల్‌లో లెక్కల వాళ్లెవరూ పడుకోలేదు, కామర్సు వాళ్లను కూడా పడుకోనివ్వలేదు. తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకున్నాడు: ఇంటిగ్రల్ లోపల డిఫరెన్షియేట్ చేసే హక్కే మనకు లేదు, పై అవధి తీటాయే కాబట్టి అది కూడా కదులుతోంది. అసమానతకు పెట్టిన షరతే అక్కడ నిలవదు. రావు గారు బతికిపోయారు. చిట్టాలో ఇద్దరి సంతకాలూ పడ్డాయి.

రెండో సంవత్సరం గురించి రాయను. పెసరట్ల సమ్మె ఎలాగూ ఇంకెవరో రాస్తారు, అందులో నా పాత్ర తగ్గించి రాయమని మనవి.

నేను ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు వెళ్లాను. ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన ఎచ్చెర్ల ఎక్కడని అడిగారు. "సి.ఆర్. రావు గారు చదివిన యూనివర్సిటీకి చెందినదే సార్" అన్నాను. మ్యాపులో వెతుక్కోవడం ఆయన పని. యూనిఫామ్ డిస్ట్రిబ్యూషన్ గురించి అడిగారా అంటారా? అడిగారంటే కోతలంటారు, వదిలేయండి. శాంపిల్ సర్వేల మీద దేశమంతా తిరిగాను. నేను సంతకం పెట్టిన అంకెలు పార్లమెంటు దాకా వెళ్లాయి. మా అమ్మాయి స్టాటిస్టిక్స్ వద్దని సంగీతం నేర్చుకుంది, అది దాని ఇష్టం.

2023లో రావు గారికి 102 ఏళ్ల వయసులో స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఆ ఆగస్టులోనే ఆయన పోయారు. పొందూరు మాస్టారు అంతకు ముందే వెళ్లిపోయారు, లేకపోతే ఆ వార్త మీద నెల రోజులు పాఠం నడిచేది.

చివరగా కమిటీ వారికి ఒక సంగతి. మాస్టారి అబ్బాయిని అడిగాను, చిట్టా ఇంట్లో లేదట, వీడ్కోలు సభ రోజు మన బ్యాచ్ వాళ్లెవరో చూస్తామని పట్టుకెళ్లారట. బెల్లం, నీ మీదే నా అనుమానం. సమ్మేళనానికి తీసుకొస్తే టీ నేనిప్పిస్తాను. తేకపోతే ఈ వ్యాసం రెండో భాగం రాస్తాను, అందులో నీ అసలు పేరుంటుంది.