నన్ను ఎవరు ఊపారమ్మా

"అమ్మా, నన్ను ఎవరు ఊపారు?" అంది మా అమ్మాయి. రాత్రి మూడు కావస్తోంది, లండన్ నేషనల్ గ్యాలరీలో అంతమంది జనం మధ్య నిలబడి ఉన్నాం, నేనేమో బొమ్మ చూడటం మానేసి దాని వివరాలు చదువుతున్నాను. మామూలుగానే అడిగింది, గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని నాకు ఏళ్ళ తరబడి తెలుసు, దానికి చెప్పాల్సిన జవాబు మనసులో ఎన్నిసార్లు తిప్పి తిప్పి అనుకున్నానో, తీరా అడిగేసరికి ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

అది 2025 జనవరి 17, శుక్రవారం. డచ్ చిత్రకారుడు వాన్ గో బొమ్మల ఎగ్జిబిషన్ ఆ వారాంతంతో అయిపోతోంది, టికెట్ల కోసం జనం ఎగబడుతుంటే గ్యాలరీ వాళ్ళు ఆ రాత్రంతా తలుపులు తెరిచే ఉంచారు. మా అమ్మాయి ఆర్ట్ కాలేజీలో రెండో సంవత్సరం. అప్పటికే ఒక్కతే రెండుసార్లు వెళ్ళొచ్చింది, దీని మీద కాలేజీకి వ్యాసం రాయాలి. అర్ధరాత్రి ఒక్కదాన్నీ ఎలా పంపిస్తాను, నేనూ వస్తానన్నాను. అది పైకి చెప్పిన మాట. అసలు సంగతి ఏంటంటే అది నన్ను ఎక్కడికీ రమ్మని పిలవడం మానేసి చాలా కాలమైంది.

దానికి కారణం నేనే. ఏ-లెవెల్స్‌లో, అంటే ఇక్కడి ఇంటర్‌లో, ఆర్ట్ తీసుకుంటానన్నప్పుడు నేను చేసిన గొడవ అంతా ఇంతా కాదు. మ్యాథ్స్ వదలొద్దన్నాను, పోనీ ఆర్కిటెక్చర్ చెయ్యమన్నాను, ఏ ఉద్యోగానికి ఎంత జీతం వస్తుందో కాగితం మీద రాసి దాని టేబుల్ మీద పెట్టాను. అదే నెలలో ఉగాది ఫంక్షన్‌లో మైకు పట్టుకుని, పిల్లల్ని వాళ్ళకి నచ్చింది చదువుకోనివ్వాలండీ అని మాట్లాడాను. అది ముందు వరసలో కూర్చుని మొత్తం విన్నది. కారులో ఇంటికొచ్చేదాకా ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసి ఉంటే బావుండేది.

క్యూలో నిలబడ్డప్పుడు మాత్రం ఆ రాత్రి బాగా మాట్లాడింది. వాన్ గోనీ ఆ కాలపు మరికొందరు చిత్రకారుల్నీ పోస్ట్ ఇంప్రెషనిస్టులు అంటారు కదా, ఆ పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదటమ్మా, రోజర్ ఫ్రై అని ఒకాయన 1910లో ఈ లండన్‌లోనే ఎగ్జిబిషన్ పెడుతూ ఆ పేరు పెట్టాడు, అప్పటికి వాన్ గో పోయి 20 ఏళ్ళు, సెజాన్ పోయి నాలుగేళ్ళు, సెరా, గోగాఁ కూడా లేరు, వాళ్ళలో ఒక్కళ్ళకి కూడా తాము ఫలానా అని తెలీదు అంది. కాసేపాగి, కాలేజీ ఫారాల్లో నన్ను టిక్కు పెట్టమనే గడిలాగా అంది. బ్రిటిష్ ఏషియన్ అనే గడి గురించి. నేను ఆ గడి ఇన్నేళ్ళూ దాని తరఫున ఆలోచించకుండా నింపేదాన్ని.

లోపల ఫ్రాన్స్‌లోని రోన్ నది మీద చుక్కల రాత్రి బొమ్మ ఉంది. ఒడ్డున దీపాలు, వాటి నీడలు నీళ్ళలో పొడుగ్గా సాగి ఉంటాయి. అచ్చం గోదావరిలా ఉందే అన్నాను. నీకు ఏ నది చూసినా గోదావరేనమ్మా అని నవ్వింది. నవ్వింది కానీ గోదావరి సంగతి నా కంటే దానికే ఎక్కువ పట్టింది. మాది రాజమండ్రి. అక్కడ దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఒక్కసారి కూడా లోపల అడుగు పెట్టలేదు. ఆయన 1897లో పుట్టి 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయాడని, ఆ కుర్రాడి చెయ్యి చూసి అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే అనే ఇంగ్లీషాయన బొంబాయిలో బొమ్మలు నేర్చుకోడానికి దారి చూపించాడని, ఇదంతా నాకు చెప్పింది ఇక్కడ పుట్టిన నా కూతురు. మొన్న రెండేళ్ళ కింద వేసవిలో వెళ్ళినప్పుడు అమ్మమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి చూసొచ్చింది. నేను ఆ మధ్యాహ్నం బ్యాంకు పని మీద తిరుగుతున్నాను.

ఇంక అది ఆ మాట అడిగిన మూడు బొమ్మల దగ్గరికి వస్తాను. రెండు పక్కలా పొద్దుతిరుగుడు పూలు, ఒకటి ఇక్కడిదే, 1924లో కొన్నది, రెండోది ఫిలడెల్ఫియా నుంచి తెచ్చారు. మధ్యలో బోస్టన్ నుంచి వచ్చిన 'లా బెర్సూజ్', అంటే జోలపాడే తల్లి. ఈమెని ఇలా పూల మధ్యన పెట్టాలని వాన్ గోనే తమ్ముడికి ఉత్తరంలో గీసి చూపించాడట. ఆవిడ పేరు ఒగుస్తీన్ రూలాఁ, ఆర్ల్ ఊళ్ళో పోస్టు ఉద్యోగి భార్య, అప్పటికి చంటిపిల్ల తల్లి. 1888 డిసెంబర్‌లో మొదలుపెట్టాడు, ఆ నెలలోనే చెవి కోసుకుని ఆసుపత్రి పాలయ్యాడు, తిరిగొచ్చి మళ్ళీ అదే బొమ్మ అందుకున్నాడు, మొత్తం ఐదుసార్లు వేశాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఆకుపచ్చ బట్టలు, కింద ఎర్రటి నేల, వెనక గోడ నిండా పూలు. చేతుల్లో ఒక తాడు ఉంటుంది. అది ఉయ్యాల తాడు. ఉయ్యాల మాత్రం బొమ్మలో లేదు.

"క్లాసులో అందరూ రంగుల గురించే రాస్తున్నారమ్మా, ఎరుపు పక్కన ఆకుపచ్చ ఎందుకు పెట్టాడు అని. నాకు తాడే కనిపిస్తోంది" అంది. ఆవిడ పాప వైపు చూడట్లేదు చూడు, ఎటో ఆలోచన, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి, పాప ఎక్కడుంది అంటే ఇటు, మనం నిలబడ్డ వైపు అంది. ఐస్‌లాండ్ వైపు సముద్రంలో చేపలు పట్టేవాళ్ళు ఓడ గదిలో ఈ బొమ్మ పెట్టుకుంటే, ఓడ ఊగుతుంటే వాళ్ళకి చిన్నప్పటి ఉయ్యాల, జోలపాట గుర్తొస్తాయని ఆయన అనుకున్నాడట. ఇంటికి అంత దూరంలో ఉన్నవాళ్ళ కోసం వేసిన బొమ్మ. అప్పుడు అడిగింది, నన్ను ఎవరు ఊపారు అని.

అమ్మమ్మ అన్నాను. అని ఊరుకుందామనుకున్నాను, ఊరుకోలేకపోయాను.

2005లో దానికి ఏడు నెలలప్పుడు రాజమండ్రిలో మా అమ్మ దగ్గర వదిలేసి వచ్చాను. నా వీసా నా ఉద్యోగం మీద ఉంది, నర్సరీకి కడితే జీతంలో ఏమీ మిగలదు, మా ఆయన కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందో తెలీదు. ఈ కారణాలన్నీ నిజమే, ఒక్కటీ అబద్ధం కాదు. 15 నెలలు. ఫోన్ కార్డు గీకి నంబరు నొక్కి మాట్లాడేదాన్ని, అది అవతల ఊపిరి పీల్చడం వినపడేది. మా అమ్మ దాన్ని తీసుకొచ్చినప్పుడు హీత్రో ఎయిర్‌పోర్టులో నా చేతికి రాలేదు. మా అమ్మని అమ్మా అనేది, నన్ను లండన్ అమ్మ అనేది. మా అమ్మ తిరిగి వెళ్ళిపోయాక ఎన్ని రాత్రులు తలుపు దగ్గర కూర్చుని ఏడ్చిందో నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆయనతో కూడా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆల్బమ్‌లో ఆ 15 నెలల ఫోటోలు వేరే కవర్లో పెట్టి పైన అలమారలో దాచాను. ఇదంతా ఆ బొమ్మ ముందు, పక్కవాళ్ళకి అడ్డం రాకుండా ఒక పక్కకి జరిగి, మెల్లగా చెప్పాను.

"తెలుసమ్మా. అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది" అంది. "నువ్వు చెప్తావేమో అని చూస్తున్నాను."

ఎప్పటి నుంచి అని అడిగితే పదమూడేళ్ళప్పటి నుంచి అంది. అంటే ఏడేళ్ళు. వదిలేసి వచ్చినందుకు నేను పడ్డ బాధ ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను, కానీ నా కూతురు నా పక్క గదిలో ఏడేళ్ళు నా నోటి నుంచి వినాలని ఆగిందన్న సంగతి నా లెక్కలోనే లేదు.

ఇక్కడికి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను సలహా అడుగుతుంటారు. పోయినేడాది మా ఆఫీసులో ఒకమ్మాయి, పాపకి ఎనిమిది నెలలు, ఇండియాలో అత్తగారి దగ్గర వదిలితే ఎలా ఉంటుంది ఆంటీ అని అడిగింది. ఏం కాదమ్మా, పిల్లలు మర్చిపోతారు, నీ ఉద్యోగం చూసుకో అన్నాను. అంత తేలిగ్గా ఎలా అన్నానో. ఆ అమ్మాయి పంపించేసింది. ఇప్పుడు ఫోన్ చేసి ఏం చెప్పాలి, వెనక్కి తెచ్చుకో అని చెప్పడానికి దాని ఇంటి పరిస్థితి నాకేం తెలుసు. మా అమ్మ పెంచిన ఆ 15 నెలల వల్లే దీనికి ఇంత తెలుగు వచ్చిందని, గోదావరి మీద ఇంత ప్రేమ ఉందని ఒకోసారి అనిపిస్తుంది, అలా అనిపించడం నా తప్పు నేను కప్పిపుచ్చుకోవడమేమో అని కూడా అనిపిస్తుంది. కనీసం పాపకి దాచకు అని చెప్దామని రెండుసార్లు నంబరు తీశాను. ఇంకా చెయ్యలేదు.

బయటికొచ్చేసరికి నాలుగు దాటింది. లెస్టర్ స్క్వేర్‌లో పికడిల్లీ లైన్ రైలెక్కాం, శుక్రవారాలు అది తెల్లవార్లూ నడుస్తుంది. సొరంగం దాటి రైలు పైకి వచ్చాక, అమ్మమ్మకి ఫోన్ చెయ్యి, అక్కడ పొద్దున్న పదయ్యుంటుంది అంది. అమ్మమ్మా, నన్ను ఎలా ఊపేదానివి, చేత్తో పట్టుకునేదానివా అని అడిగింది. చేతులు ఖాళీ ఎక్కడివే తల్లీ అంది మా అమ్మ. వంటింటి దూలానికి చీర ఉయ్యాల కట్టేదాన్ని, దానికో తాడు, కొబ్బరి తాడు ఒరుసుకుంటుందని మీ అమ్మ పాత ఓణీ చింపి చుట్టాను, ఆ కొస నా కాలి బొటనవేలికి కట్టుకుని కత్తిపీట ముందు కూర్చునేదాన్ని, కూర తరుగుతుంటే కాలు దాని మానాన అది ఆడేది అంది. ఏ కాలు అని అడిగింది ఇది. కుడికాలే.

చూపించు అంది. మా అమ్మ ఫోను కిందికి దించింది. పగిలిన మడమ, పక్కవేలికి అరిగిపోయిన మట్టె, కాస్త వంకరపోయిన బొటనవేలు. మా అమ్మాయి స్కెచ్‌బుక్ తీసి, ఫోన్ నా చేతికిచ్చి, కదపకుండా పట్టుకోమంది. అటు మా అమ్మ కాలు ఆడించడం మొదలుపెట్టింది, ఆడించకు అమ్మమ్మా గీయాలి అంటే నవ్వుతోంది, ఆపినట్టే ఆపి మళ్ళీ ఆడిస్తోంది. ఎదురు సీట్లో ఒకాయన తల వాల్చి నిద్రపోతున్నాడు. నా చెయ్యి లాగేస్తోంది, రెండో చేత్తో మోచెయ్యి ఆనించి పట్టుకున్నాను.

మేం దిగాల్సిన హౌన్‌స్లో ఈస్ట్ వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. అది తల ఎత్తలేదు. నేనూ లేవలేదు.