రిటైరయ్యాకే అసలు పుస్తకాలు

మాది 1978-80 ఎం.ఏ. హిస్టరీ బ్యాచ్. నిజం చెప్పాలంటే మాలో సగం మందికి చరిత్ర మీద ప్రేమ అంతంత మాత్రమే. గ్రూప్స్‌కి పనికొస్తుందని కొందరు, హాస్టల్ సీటు దొరుకుతుందని కొందరు ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కాం. మధ్యయుగ దక్కన్ పేపరు చెప్పిన సారుకి ఈ సంగతి మొదటి వారంలోనే అర్థమైపోయింది. (పేరు రాయడం లేదు. బతికున్నప్పుడు సన్మానం అంటేనే చిరాకుపడేవారు. ఎవరో మనవాళ్లకి చెప్పక్కర్లేదు.)

సారుది కరీంనగర్ జిల్లాలో పల్లెటూరు. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివారు. ఫర్మానాలో (రాజు హుకుంలో) ముక్క ఫార్సీలో చదివి, తెలుగులో విడమరిచి, వెంటనే ఇంగ్లీషులో నోట్సు చెప్పేవారు. రాసుకోలేక మా చేతులు పడిపోయేవి.

ఆయన రోజూ తలుచుకునే పేరు దక్కన్ చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ. “నేను ఆయన క్లాసులో కూర్చోలేదురా, ఆయన పుస్తకాల్లో కూర్చున్నా” అనేవారు. షేర్వానీ 1891లో అలీగఢ్ జిల్లాలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, ఉస్మానియాలో తరగతులు మొదలైన 1919లోనే ఇక్కడ చేరారు. అప్పటికి మన ఆర్ట్స్ కాలేజీ భవనం లేదు, అది తయారైంది 1939లో. ఉర్దూలో డిగ్రీ చదువులు చెప్పడమే అప్పుడొక ప్రయోగం. పాఠ్య పుస్తకాలు లేక వాటి కోసం ఏకంగా ఒక అనువాద విభాగమే పెట్టాల్సి వచ్చింది. ఉత్తరాది నుంచి వచ్చిన మనిషి ఇక్కడే ఉండిపోయి, చరిత్ర, రాజనీతి శాఖకు అధిపతి అయ్యారు. తర్వాత నిజాం కాలేజీ ప్రిన్సిపాల్‌గానూ చేశారు.

సారు మాకు పదే పదే చెప్పింది మాత్రం ఆ పదవుల గురించి కాదు. షేర్వానీ ఉద్యోగంలో ఉండగా 1942లో బీదర్‌లోని బహమనీ సుల్తానుల వజీరు మహమూద్ గవాన్ మీద పుస్తకం తెచ్చారు, సరే. మిగతావన్నీ రిటైరయ్యాకే. బహమనీల చరిత్ర 1953లో వచ్చింది. హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ మీద 1967లో. పద్మభూషణ్ 1969లో. పి.ఎం. జోషీతో కలిసి సంపాదకత్వం వహించిన మధ్యయుగ దక్కన్ చరిత్ర రెండు సంపుటాలు 1973-74లో. గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీల మీద పెద్ద పుస్తకం 1974లో. “లెక్కేసుకోండి, ఎనభై మూడేళ్లు! మీరేమో ఇరవై రెండుకే ఉద్యోగం రాలేదని టెన్షన్ పడుతున్నారు” అనేవారు సారు. మేం ఎం.ఏ. ముగించిన 1980లోనే షేర్వానీ పోయారు.

క్లాసులో పెద్ద గొడవ భాగమతి దగ్గర జరిగింది. మహమ్మద్ కులీ ఆవిడని ప్రేమించి, ఆవిడ పేరునే ఊరికి పెట్టాడని కథ. షేర్వానీ ఆ కథను నమ్మలేదు. నాటి నాణేల్లో, శాసనాల్లో ఆవిడ పేరు లేదన్నది వాదన. మా వెనక బెంచీ మొత్తం భాగమతి పార్టీ. ఆ కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు కదా, అక్బరు దర్బారు కవి ఫైజీ రాశాడు కదా అని ఒకడు లేచాడు. సారు సంతోషపడిపోయారు! ఫైజీ ఎక్కడ కూర్చుని రాశాడు, ఎవరి కోసం రాశాడు, ఆ మాట అతనికెవరు చెప్పారో కనుక్కుని రమ్మని లైబ్రరీకి తోలారు. ఆ గొడవ మాలో ఇప్పటికీ తేలలేదు. వాట్సాప్ గ్రూపులో మళ్లీ మొదలవుతూనే ఉంటుంది.

గోల్కొండ దర్బారులో తెలుగుకున్న చోటు కూడా మాకు అక్కడే తెలిసింది. ఇబ్రహీం కుతుబ్‌షాకి అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. ఆ దర్బారుకే చెందిన అమీన్‌ఖానుకి పొన్నిగంటి తెలగన అచ్చతెలుగు యయాతి చరిత్ర ఇచ్చాడు. ఆ రోజు పక్కనున్న తెలుగు డిపార్ట్‌మెంటు పిల్లలు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి విన్నారు.

అయితే సారు గుడ్డి భక్తుడేం కాదు. షేర్వానీ పుస్తకాల నిండా సుల్తానులు, వజీర్లు, కోటలే కదా అని మేమంటే ఒప్పుకునేవారు. “ఇబ్రహీం కాలంలో హుస్సేన్ సాగర్ కట్టారని అందరూ రాస్తారు. మట్టి మోసినోళ్ల కూలి ఎంతో ఎవరు రాస్తార్రా?” నా మట్టుకు నాకు, రెండేళ్లలో విన్న ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు.

రిటైరయ్యాక సారు ఆ పనే పెట్టుకున్నారు. టిఫిన్ డబ్బా పట్టుకుని తార్నాకలో ఆర్కైవ్స్‌కి వెళ్లి, ఊళ్లలో చెరువుల మరమ్మతుల తాలూకు పాత కాగితాలు చదివేవారు. గొలుసుకట్టు ఫార్సీ రాత, పురుగు తిన్న అంచులు. సాయంత్రం దాకా కూర్చుంటే ఒక్కోసారి ఒక్క పేజీయే తెమిలేది. పుస్తకం కాకుండానే పోయారు.

ఆ నోట్సు నల్ల అట్టల పుస్తకాల్లో వాళ్లమ్మాయి దగ్గర ఉంది. సగం ఫార్సీ, సగం తెలుగు. అచ్చు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. ఫార్సీ చదవగలిగిన పూర్వ విద్యార్థులు ఎవరున్నా, ఏ బ్యాచ్ వాళ్లయినా సరే, ఈ సంచిక కమిటీకి ఒక మాట చెప్పండి.