బకెట్లో నీళ్ళు

రథసప్తమికి అరసవల్లి వెళ్దామంది మా చెల్లి. అర్ధరాత్రి క్షీరాభిషేకం మొదలవుతుంది, క్యూలో నిలబడితే ఇంటికొచ్చేసరికి తెల్లారిపోతుంది. దాని ఏడాదిన్నర పిల్లాణ్ణి ఆ జనంలోకి ఎలా తీసుకెళ్తాం? పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "నేను చూసుకుంటాలే" అంది. "జాగ్రత్తమ్మా" అనేసి ఆటో ఎక్కేశాం.

తిరిగొచ్చేసరికి పిల్లాడు నిద్రపోతున్నాడు, మా అమ్మాయి మాత్రం గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. పాలు కలుపుదామని అది వంటింట్లోకి వెళ్ళిన కాసేపట్లో వాడు బాత్రూమ్‌లోకి పోయి, బకెట్లో రెండు చేతులూ పెట్టి వంగిపోయాడట. వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. మాకు ఫోన్ చేస్తే ఆ జనంలో సిగ్నల్ లేక కలవలేదు.

తిట్టబోయి ఆగాను. ఆ బకెట్ నింపింది నేనే. కుళాయి పొద్దున్న ఒక గంటే వస్తుంది కదా, రాత్రికి నింపి పెట్టుకోవడం మా ఇంట్లో అలవాటు. ఆ వయసు పిల్లలకి తల బరువెక్కువ. ఒకసారి తలకిందులుగా పడితే తమంతట తాము లేవలేరు, అరుపు కూడా వినపడదు. జానెడు నీళ్ళు కూడా అక్కర్లేదు.

మర్నాడు మా అమ్మాయిని, పిల్లాడి ఎత్తు నుంచి ఏమేం అందుతాయో చూడమని, మోకాళ్ళ మీద ఇల్లంతా తిరగమన్నాను. నవ్వుకుంటూనే తిరిగింది. వేలాడుతున్న ఇస్త్రీపెట్టె వైరు దొరికింది. మూత ఊడిన రిమోట్‌లో బిళ్ళ బ్యాటరీ కనబడింది. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. దివాన్ కింద, చుట్టాల కోసం తెచ్చిన పలాస జీడిపప్పులో ఒక బద్ద. పల్లీలైనా జీడిపప్పైనా అంత చిన్న పిల్లల చేతికి అందకూడదు.

గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలో నర్సుగా చేస్తున్న మా వదిన చూపించింది. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. గొంతు పెగలకపోతే ముందుకి వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు. అప్పటికీ రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకి వెనక నుంచి పట్టుకుని, బొడ్డు పైన పిడికిలితో లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. ఏడాదిలోపు వాళ్ళకి పొట్ట నొక్కకూడదు, రొమ్ము మీద నొక్కాలి. కనబడకుండా నోట్లో వేలు పెట్టి కెలకొద్దు. ఇంకొకరుంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. దిండు మీద పది సార్లు చేయించింది. పక్కన నిలబడి చూస్తున్న మా అబ్బాయి చేత కూడా. పిల్లల్ని చూసుకోవడం ఆడపిల్ల పనే అని ఎవరన్నారు?

మా అమ్మకి ఇదంతా నచ్చలేదు. "ఎనిమిదేళ్ళకే తమ్ముళ్ళని చంకనేసుకు తిరిగాం, ఇదేటే ఇంత హడావుడి?" అంది. నిజమే, కానీ అప్పుడు వాకిట్లో ఎప్పుడూ నలుగురు పెద్దవాళ్ళుండేవారు. ఇప్పుడు తలుపేసుకుంటే అది ఒక్కత్తే. అందుకే పక్కింటి పిన్నిగారి నంబరు, 108, 112 కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాం.

పోయిన నెల చెల్లి ఎవరిదో పెళ్ళికి వెళ్తుంటే, మా అమ్మాయి దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. "పిన్నీ, వీడు ఏం తిన్నాడు? ఎన్నింటికి పడుకుంటాడు? నీ ఫోన్ కలవకపోతే ఎవరికి చేయాలి?" అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. రాత్రి పది గంటలకి కాళ్ళు కడుక్కుందామని వెళ్ళిన మా అమ్మ, బోర్లించి ఉన్న బకెట్ చూసి ఇల్లంతా వినబడేలా అరిచింది.