ఇంటిపన్ను కట్టడానికి చీరాల వెళ్లి

గత ఏప్రిల్ మొదటి వారంలో నేను హైదరాబాద్ నుంచి మా ఊరు చీరాలకు బయలుదేరినప్పుడు మనసులో ఉన్న పని ఒక్కటే. అమ్మ పోయినప్పటి నుంచి తాళం వేసి ఉన్న మా ఇంటికి మూడేళ్లుగా కట్టని పన్ను కట్టి రావాలి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే చెల్లిస్తే 5 శాతం తగ్గింపు ఉంటుందని, బకాయిల మీద మాత్రం నెలకు 2 శాతం చొప్పున వడ్డీ పడుతుందని ఎదురింటి పిన్నిగారు ఫోన్‌లో చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ డబ్బు ఉన్నచోటి నుంచే కట్టేయవచ్చు, ఆ సంగతి కూడా ఆవిడే చెప్పారు. కానీ ఫోన్ పెట్టేసే ముందు, "పన్ను సంగతి సరే బాబూ, ఒకసారి వచ్చి మీ గుమ్మం ఎలా ఉందో చూసుకో" అన్న ఆ ఒక్క మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే టికెట్ తీసుకున్నాను.

రైల్లో నా ఎదుటి బెర్తులో ఒక కుర్రవాడు ఉన్నాడు. కరీంనగర్ జిల్లా వాడు, చెన్నైలో ఉద్యోగం. మాది చీరాల అనగానే "చీరలు నేసే ఊరు కదండీ" అన్నాడు. ఊరి పేరు విన్న ప్రతివారూ అనే మాటే అయినా నాకు విన్నప్పుడల్లా సంతోషమే. తేలియా రుమాలు పుట్టింది మా చీరాలలోనేనని, నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిదలోనూ నానబెట్టి ఎర్రరంగు పట్టించే ఆ పద్ధతిలో నేసిన గుడ్డలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేవని, ఇప్పుడు ఆ విద్యను నల్లగొండ వైపు పుట్టపాక నేతగాళ్లు కాపాడుతున్నారని చెప్పాను. అక్కడితో ఆగలేదు. చీరాల–పేరాల ఉద్యమం గురించి చెప్పడం మొదలుపెట్టాను. 1921లో, తెల్లవాళ్ల ప్రభుత్వం మీద అలిగి, ఊరు ఊరంతా ఇళ్లు వదిలి పొలిమేర అవతల పాకలు వేసుకుని పదకొండు నెలలు బతికిన కథ అది. అతడు కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. "ఎందుకు సార్, దేని మీద అలిగారు?" అని అడిగాడు.

"పన్ను మీద" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చాక చాలాసేపు నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

తెనాలి దాటాక మెలకువ వచ్చింది. బాపట్ల వచ్చేసరికి తెల్లవారుతోంది. కిటికీలోంచి తాటిచెట్లు, ఇసుక నేలలు, సముద్రం దగ్గరలోనే ఉందని చెప్పే ఉప్పుగాలి. మా వైపు రైలు ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అరగంట అది. చీరాల స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కకుండా నడుచుకుంటూ గడియార స్తంభం మీదుగా మా వీధికి వెళ్లాను.

పిన్నిగారు చూసుకోమన్నది ఏమిటో ఇరవై అడుగుల దూరం నుంచే కనిపించింది. మా గేటు ముందు, సైడు కాలువ మీద, మోకాలెత్తు చెత్త. కొబ్బరి బొండాలు, విస్తళ్లు, పాలపాకెట్లు, చినిగిన పరుపు ఒకటి. తాళం వేసిన ఇంటి ముందు స్థలం ఎవరిదీ కాదనే లెక్కన వీధిలో సగం మంది అక్కడే పారేస్తున్నారు. కాలువ పూడుకుపోయి మురుగు మా ఇంటి దగ్గర ఆగి, ఎగువనున్న నాలుగు ఇళ్ల ముందు నిలిచిపోయింది. ఆ నాలుగు ఇళ్లలో ఒకదానిలో పోయిన వర్షాకాలం ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చిందని పిన్నిగారు కాఫీ గ్లాసు చేతికిస్తూ చెప్పారు. నన్ను నిందించాలని చెప్పలేదు, అడిగానని చెప్పారు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామునే లేచి ఆ కాలువ పక్కన చీపురుతో ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసిన చోటు అది. కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

పన్ను కట్టడం పదిహేను నిమిషాల పని. వార్డు సచివాలయంలో అసెస్‌మెంట్ నంబరు చెప్పగానే బకాయి, వడ్డీ అన్నీ కనిపించాయి. కట్టాను, రసీదు ఇచ్చారు. నా వెనక వరసలో నిలబడిన పెద్దమనిషి ఒకరు నవ్వుతూ, "చీరాల వాళ్లం పన్ను కట్టడమేమిటండీ, మన తాతలు ఎగ్గొట్టి చరిత్రకెక్కారు" అన్నారు. ఆయన సరదాకే అన్నారు. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా ఊళ్లో ఈ మాట చాలామంది అంటారు, నేను కూడా కాలేజీ రోజుల్లో అన్నవాడినే. అది నిజం కాదు. ఎందుకు కాదో తేల్చుకోవాలని ఆ మధ్యాహ్నం పేరాల వైపు నడిచాను.

పేరాలలో మా నాన్నగారికి తెలిసిన నేతగాడు ఒకాయన ఉన్నారు, ఎనభై దాటిన మనిషి. ఆయన ఇంట్లో ఇప్పటికీ గుంటమగ్గం ఆడుతోంది. కాకపోతే నేసేది ఆయన కోడలు, ఆయన పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతున్నారు. నేను వెళ్లేసరికి కరెంటు లేదు. అడ్డపోగును మోస్తూ నాడె అటూ ఇటూ పోయే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడని ఆ గదిలో ఆయన తన తాత దగ్గర విన్న సంగతులు చెప్పారు. అందులో నేను చదివి తెలుసుకున్నవి కొన్ని, మొదటిసారి ఆలోచించినవి కొన్ని.

చదివి తెలిసినవి ఇవి. చీరాల, పేరాల, పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేటలు అప్పటికి ఒక యూనియన్‌గా, అంటే మున్సిపాలిటీ కన్నా చిన్న స్థానిక సంస్థగా ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల–పేరాలను మున్సిపాలిటీగా మార్చింది. అంతకుముందు ఏటా నాలుగు వేల రూపాయలు ఉండే పన్ను ఒక్కసారిగా నలభై వేలకు చేరుతుందని, అందుకు తగిన సౌకర్యమేదీ తమకు దక్కదని ప్రజలు మొరపెట్టుకున్నారు. ఊళ్లో ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు, కూలీలు. అర్జీలు పెట్టారు, సభలు పెట్టారు, ఫలితం లేకపోయింది. అప్పుడు ఉద్యమానికి నాయకుడైనవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, తిరిగివచ్చి మా ఊరిని తన ఊరు చేసుకున్న మనిషి. జనం ఆయనను ఆంధ్రరత్న అన్నారు. ఆయన కూడగట్టిన స్వచ్ఛంద సేవకుల దళం పేరు రామదండు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు అక్కడి జనసమ్మర్దాన్ని అదుపులో పెట్టింది ఆ దండే. ఆ తరువాత కొద్ది రోజులకే గాంధీజీ చీరాల వచ్చారు. పన్ను నిరాకరించి శిక్ష అనుభవించడం ఒక దారి, ఊరు విడిచి మున్సిపల్ పొలిమేర దాటి ఉండడం మరొక దారి అని చెప్పి, ఏది ఎంచుకున్నా హింసకు తావివ్వకూడదన్నారు.

చీరాల రెండో దారి ఎంచుకుంది. పదిహేను వేల పైచిలుకు జనాభాలో పదమూడు వేల మందికి పైగా ఇళ్లకు తాళాలు వేసి వెళ్లిపోయారు.

ఇక నేను ఎన్నడూ ఆలోచించనిది ఆ పెద్దాయన అడిగిన ఒక చిన్న ప్రశ్న. "మగ్గం ఎట్టా తీసుకెళ్లారనుకున్నావు?" అన్నారు. నేను కాళ్ల దగ్గరి గుంట వైపు చూశాను. గుంటమగ్గం నేలలో పాతుకున్న వస్తువు. పడుగు, అంటే నిలువు పోగులు కట్టి ఉంటే కదపడానికి వీలుండదు. గుంజలు పెరికి, అవతల కొత్త గుంట తవ్వి, తిరిగి పోగులు దూర్చే అచ్చు సరిచేసుకుని, మళ్లీ పడుగు పోసుకుంటే తప్ప ఒక మూర గుడ్డ రాదు. అంటే ఆ ఎండల్లో ఇల్లు విడవడమంటే ఆ పూట కూడు విడవడమే. "మా తాత మగ్గం దించాక మూడు వారాలు పని లేదు. రామనగర్‌లో పక్క పాక వాళ్లు గింజలు పెట్టారు, అంతే" అన్నారాయన. కోడలు నాడె ఆపి వింటోంది. ఆమె కూడా ఈ మాట మొదటిసారి విన్నట్టుంది.

పొలిమేర అవతల వెలసిన ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పాకలు, తాటాకు పందిళ్లు. కానీ అది శిబిరం కాదు, ఊరే. తమ పంచాయతీని తామే ఏర్పాటు చేసుకున్నారు, తగవులు తామే తీర్చుకున్నారు, రాత్రిపూట కాపలా రామదండు కాసింది. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి, చలి గడిచింది. విరాళాల కోసం తిరుగుతూ బరంపురంలో నిషేధాజ్ఞ ధిక్కరించి మాట్లాడినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలు శిక్ష పడింది. నాయకుడు జైల్లో, చేతిలో డబ్బు లేదు, పదకొండు నెలల తరువాత జనం ఒక్కొక్కరే పాత ఇళ్లకు తిరిగి వచ్చారు. దీన్ని ఓటమి అని రాసినవారూ ఉన్నారు. నాకు ఆ మాట సరిపోదనిపిస్తుంది. పదమూడు వేల మంది తమ వీధి తామే ఊడ్చుకుని, తమ తగవు తామే తీర్చుకుని, ఒకరి పాకలో పొయ్యి వెలగకపోతే పక్క పాకవారు చూసుకుంటూ దాదాపు ఏడాది గడిపారంటే, ఆ మనుషులు బాధ్యత నుంచి తప్పించుకోవడానికి ఊరు వదిలారని ఎలా అనగలం? మున్సిపాలిటీకి కట్టనన్న నలభై వేల కన్నా ఎన్నో రెట్లు వాళ్లు చెమటగా, పస్తులుగా, పోగొట్టుకున్న రాబడిగా కట్టారు. తమను అడగకుండా తమ మీద రుద్దినదాన్ని మాత్రమే వద్దన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో చీరాల మళ్లీ మున్సిపాలిటీ అయింది. ఈసారి అది మనది. దానికి మూడేళ్లు పన్ను కట్టకుండా తాళం వేసి వెళ్లిపోయిన నాకు రామనగర్ పేరు చెప్పుకునే హక్కు ఎక్కడిది? సచివాలయం వరసలో ఆ పెద్దమనిషికి చెప్పలేకపోయిన జవాబు ఇది.

సాయంత్రం పెద్దాయన నాతోపాటు వీధి చివరిదాకా వచ్చి, చేతికర్రతో దూరంగా చూపించి, "మా తాత పాక అటువైపు ఉండేదట" అన్నారు. ఆ దిక్కుకు నడిచాను. డాబా ఇళ్లు, కిరాణా కొట్టు, సెల్ టవర్, గోడ పక్కన ఆరేసిన రంగు నూలు. తాటాకు పాకలకు వందేళ్ల తరువాత ఆనవాలు మిగలదు, మిగలాలని నేను కూడా అనుకోలేదు. అక్కడ ట్యూషన్ నుంచి వస్తున్న ఇద్దరు పిల్లలను ఆపి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎవరో తెలుసా అని అడిగాను. ఒక పాప తెలియదంది. రెండో అమ్మాయి, "తెలుసు, మా పుస్తకంలో ఉన్నాడు, రామదండు" అని టకటకా చెప్పి, "మీరు మా ఊరు చూడటానికి వచ్చారా?" అని అడిగింది. మాది కూడా ఇదే ఊరు అని చెప్పాను.

తిరుగు రైలు ఆ రాత్రికే ఉంది. టికెట్ రద్దు చేసుకున్నాను. పిన్నిగారి అబ్బాయి ఒక పార, రెండు గమేళాలు తెచ్చి ఇచ్చాడు. ఇద్దరు కూలీలను మాట్లాడుకుని, నేను కూడా చెయ్యి వేసి, చీకటి పడేదాకా గేటు ముందున్న చెత్తంతా ఎత్తి పోగు చేశాం. కాలువలో పూడిక తీసేసరికి ఆగి ఉన్న నీరు ఒక్కసారి కదిలి కిందికి పారింది. ఆ చప్పుడుకు ఎగువ ఇళ్లవాళ్లు బయటికి వచ్చి చూశారు. వాళ్లలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒకావిడ మాత్రం లోపలికి వెళ్లి బకెట్‌తో నీళ్లు తెచ్చి మా గుమ్మం మీద పోసింది. ఆ తరువాత ఆ ఇంటిని గురించి పిన్నిగారితో కూర్చుని మాట్లాడాను. మగ్గం పెట్టుకోవడానికి చోటు లేక ఇబ్బంది పడుతున్న నేత కుటుంబం ఒకటి జాండ్రపేటలో ఉందట. ముందు గదిలో గుంట తవ్వుకోవచ్చని, అద్దె సంగతి తరువాత చూసుకుందామని కబురు పెట్టించాను.

మర్నాడు ఆరు గంటలకు వీధి మొదట్లో విజిల్ వినబడింది. తడిచెత్త ఒక డబ్బాలో, పొడిచెత్త ఒక డబ్బాలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. తోపుడుబండి తోసుకుంటూ వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలు ఆగి, శుభ్రంగా ఉన్న ఆ చోటును ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"ఈ ఇంటాయన మీరేనా?" అంది.

"అవునమ్మా, నేనే."

"మూడేళ్ల నుంచి ఎత్తుతున్నా ఇక్కడ. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నా" అని డబ్బాలు అందుకుని, ఖాళీ చేసి, నా చేతికి తిరిగి ఇచ్చింది.