ఎవరి కొడుకులు ఆడాలి?

"ఆదివారం మా ఇంటికి వచ్చి మ్యాచ్ చూస్తావు. టచ్‌డౌన్ పడితే నాకంటే ముందు నువ్వే లేచి అరుస్తావు. మరి అక్కడ ఆడుతున్నవాళ్లంతా ఎవరి కొడుకులు అనుకుంటున్నావు?"

జూన్ నెలలో ఒక సాయంత్రం మా ఎదురింటి పెద్దాయన అన్న మాటలివి. గొంతు పెంచలేదు. గడ్డి కోసే యంత్రాన్ని గుడ్డతో తుడుచుకుంటూ అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయారు.

ఆయన కాగితం మిల్లులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. కుడిచేతి చూపుడువేలు పై కణుపు లేదు, రోలర్ల మధ్య పోయింది. మేము అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఈ గ్రీన్ బే ఊరికి వచ్చిన మొదటి శీతకాలంలో తెల్లవారకముందే మా వాకిట్లో మంచంతా తీసి, తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోయింది ఆయనే. ఈ ఎనిమిదేళ్లలో నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఆ ప్రశ్న ముల్లులా దిగింది.

జరిగింది చెప్తాను. మా అబ్బాయికి పదకొండేళ్లు. ఎదుటివాణ్ని ఢీకొట్టి పడగొట్టే అమెరికన్ ఫుట్‌బాల్, ఇక్కడివాళ్లు టాకిల్ ఫుట్‌బాల్ అనేది, ఆడే జట్టులో చేరతానని, అమ్మానాన్నలు సంతకం చేయవలసిన కాగితం తెచ్చాడు. నేను చేయనన్నాను. పెద్దాయన వాకిట్లో ఎదురుపడి "మీవాడు పేరు ఇచ్చాడా?" అని మామూలుగా అడిగారు. లేదు అని ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు. నాకు తెలిసిన లెక్కలన్నీ ఆయన ముందు పరిచాను. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ ఆటకు పెద్ద వృత్తి లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్‌లో ఆడి చనిపోయిన 376 మంది మెదళ్లను పరీక్షిస్తే, 345 మందిలో తలదెబ్బల వల్ల వచ్చే సీటీఈ జబ్బు కనిపించిందని 2023లో ప్రకటించారు. అనుమానం ఉన్న కుటుంబాలే మెదడును దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఆ నిష్పత్తి వర్తించదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకూ చెప్పాను. అయినా పదకొండేళ్ల పిల్లవాడి తండ్రికి ఆ అంకె చాలు.

మైక్ వెబ్‌స్టర్ పేరు కూడా ఎత్తాను. ఇదే విస్కాన్సిన్‌లో టోమహాక్‌లో పుట్టి, పిట్స్‌బర్గ్ జట్టులో మేటి సెంటర్, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టేవాడు, అనిపించుకున్న ఆటగాడు. 2002లో యాభై ఏళ్లకే చనిపోయాడు. ఆయన మెదడును కోసి చూసి ఆ జబ్బును పట్టుకున్నది నైజీరియా నుంచి వలస వచ్చిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు. 2005లో ఆయన పరిశోధనా పత్రం అచ్చయితే, వెనక్కి తీసుకోవాలని లీగ్ తరఫు డాక్టర్లు పత్రికకు రాశారు. ఒమాలు కథ తలచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. ఊరంతా ప్రేమించే ఆటలో ఊరంతా చూడనిదాన్ని బయటి నుంచి వచ్చినవాడు చూశాడు. ఆ సాయంత్రం నేను కూడా అలాగే మాట్లాడుతున్నాననుకున్నాను. కానీ ఒమాలు ఆ మెదడును తన చేతులతో పట్టుకున్నాడు. నేను పట్టుకున్నది టీవీ రిమోటు.

పెద్దాయన అంతా విన్నారు. "వెబ్‌స్టర్ సంగతి మాకు తెలియదనుకోకు" అన్నారు. తెగిన వేలు చూపించి "ఇది మిల్లు తీసుకుంది. మిల్లు మూసేయమని ఎవరూ అనలేదు" అన్నారు. ఆ తర్వాతే ఆ ప్రశ్న.

తర్వాత రెండు వారాలు ఆయన కారు కనిపిస్తే నేను ఆలస్యంగా బయటికి వెళ్లాను. మనసులో మాత్రం జవాబులు కూర్చుకుంటూనే ఉన్నాను.

మొదట తోచిన జవాబు ఎదురు ప్రశ్నే. మీ ఊరి పిల్లలు మాత్రం ఆడుతున్నారా? ఈ ఊళ్లో ఉన్నది లక్ష పైచిలుకు జనం, స్టేడియంలో పట్టేది 81 వేల మంది. ఈ ఊరి ఎన్ఎఫ్ఎల్ జట్టు ప్యాకర్స్‌కు కోటీశ్వరుడైన యజమాని లేడు. వాటాలు కొన్న ఐదు లక్షల మందికి పైగా అభిమానులే యజమానులు. 2021లో వాటా 300 డాలర్లకు అమ్మారు. దానిమీద లాభం రాదు, లాభానికి అమ్ముకోవడానికీ వీల్లేదు. లాభం లేని వాటా ఎందుకు కొంటారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు పెద్దాయన ఇంటి గోడమీద అద్దం కట్టించి పెట్టిన వాటా పత్రం చూస్తే మా ఊరి రామాలయంలో ఫ్యానుల మీద రాయించిన దాతల పేర్లు గుర్తొచ్చాయి. అప్పుడు అర్థమైంది. జట్టు నిజంగానే ఊరిది. ఆటగాళ్లు మాత్రం ఊరివాళ్లు కారు. ఫ్లోరిడా, టెక్సాస్, జార్జియా, లూసియానా, ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊరు ఊరంతా ఇతరుల కొడుకులనే చూస్తోంది. నా ఒక్కడి తప్పేమిటి?

జవాబు పదునుగానే ఉంది. కానీ ఆయన కొడుకు ఇక్కడి హైస్కూల్లో నాలుగేళ్లు ఆడాడు. మనవడూ ఆడుతున్నాడు. కాబట్టి ఆ మాట ఆయన దగ్గర చెల్లదు.

ఈ ఆట ఏమవుతుందన్నది నాకు ఊసుపోక మాట్లాడుకునే సంగతి కాదు. 2023 జనవరి 2న సిన్సినాటి మ్యాచ్‌లో డమార్ హామ్లిన్ అనే ఆటగాడు ఎదుటివాణ్ని పడగొట్టి లేచి నిలబడి, వెంటనే వెనక్కి పడిపోవడం మేము ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మైదానంలోనే గుండె ఆగింది. ఆటగాళ్లు చుట్టూ గోడకట్టినట్టు నిలబడి ఏడ్చారు. మా ఆవిడ టీవీ కట్టేసింది. హామ్లిన్ బతికాడు, అదే ఏడాది తిరిగి మైదానంలో దిగాడు కూడా. మా ఆవిడ మాత్రం ఆ తర్వాత ఒక్క మ్యాచ్ చూడలేదు. నేను చూస్తూనే ఉన్నాను. సూటిగా చెప్పాలంటే, ఈ ఆటంటే నాకు ప్రాణం. ఎత్తుకు పైఎత్తు, ఒక్క గజం కోసం పదకొండు మంది ఒక్కటై నెట్టడం చూస్తుంటే నాకు చిన్నప్పటి చెడుగుడు కూత వినిపిస్తుంది.

నా లెక్క ప్రకారం ఈ ఆట చచ్చిపోదు. చస్తుందని వందేళ్లుగా అంటున్నారు. 1905లో కాలేజీ ఫుట్‌బాల్‌లో పిల్లలు చనిపోతుంటే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటి ఏడాది బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఈరోజు మనం చూసే అందమంతా ఆ భయంలోంచి పుట్టిందే. ఇప్పుడూ అదే జరుగుతోంది. తల వంచి గుద్దితే 2018 నుంచి శిక్ష ఉంది. సాధనలో చాలామంది హెల్మెట్ మీద మెత్తటి తొడుగు వేసుకుంటున్నారు. ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి ఢీకొనే కిక్‌ఆఫ్‌ను, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టే పద్ధతిని, 2024లో పూర్తిగా మార్చేశారు. ఇంకో ఇరవై ఏళ్లలో ఇప్పటి ఆట పాత వీడియోల్లో మొరటుగా కనిపిస్తుంది.

డబ్బు కూడా చావనివ్వదు. 2021లో కుదిరిన ప్రసార ఒప్పందాల విలువే సుమారు 11 వేల కోట్ల డాలర్లు. అదే ఏడాది 16 మ్యాచ్‌ల సీజన్‌ను 17 చేశారు. 18 కూడా రావచ్చని లీగ్ కమిషనరే అంటున్నాడు. 2025లో సావో పాలో, డబ్లిన్, లండన్, బెర్లిన్, మాడ్రిడ్‌లలో ఆడించారు. ఒకవైపు దెబ్బలు తగ్గించామంటూనే ఇంకోవైపు దెబ్బలు తినే వారాలు పెంచుతున్నారు. ఈ ఒక్క విషయంలో లీగ్ మీద నాకు చాలా కోపం.

ఆట చావకపోయినా రెండుగా చీలుతుంది. నడుముకు కట్టిన గుడ్డపీలిక లాగేస్తే చాలు, పడగొట్టనక్కరలేని ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఒకవైపు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అది ఉంది. మన క్రికెట్ కూడా 1900 తర్వాత మళ్లీ అక్కడే వస్తోంది. ఆడపిల్లలు, డాక్టర్ల పిల్లలు, మావంటి సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలు అటు వెళ్తారు. అసలు గుద్దులాట రెండోవైపు. కాలేజీ మెట్లు ఎక్కడానికి ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ తప్ప వేరే నిచ్చెన లేని ఇళ్ల పిల్లలు అక్కడ మిగులుతారు. చూసేవాళ్లు పెరుగుతారు, ఆడేవాళ్లు వచ్చే ఇళ్లు తగ్గుతాయి. భగత్ సింగ్ పుట్టాలి గానీ పక్కింట్లో పుట్టాలని మనవాళ్లు అనే మాట ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. పెద్దాయన రెండు ముక్కల్లో అడిగింది ఇదే.

రెండో జవాబు నన్ను నేను సమర్థించుకోవడానికి తోచింది. మేము తలతో బతికేవాళ్లం. నాకు ఇక్కడ పొలం లేదు, మిల్లు లేదు, తాత నుంచి వచ్చిన సీజన్ టికెట్లు లేవు. గ్రీన్ కార్డు వరుసలో ఎన్నేళ్లుగా నిలబడి ఉన్నామో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. స్టేడియంలో మంచు తీయడానికి గంటకింత అని ఇచ్చి ఊరివాళ్లను పిలుస్తారు. పెద్దాయన రమ్మంటే, వీసా ఒప్పుకోదని ఆ కూలికి కూడా నేను వెళ్లలేకపోయాను. మా దగ్గర ఉన్న ఆస్తి తలకాయ ఒక్కటే. దాన్ని మైదానంలో పణంగా పెట్టమంటే ఎలా?

ఈ జవాబు నాకు బాగా నచ్చింది. ఆయనకు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో కూడా కుదుర్చుకున్నాను. ఒక రాత్రి గిన్నెలు కడుగుతూ అది మా ఆవిడకు వినిపించాను. "తలను పణం పెట్టనివాళ్లమా మనం? హాస్టల్ మర్చిపోయారా?" అంది.

మర్చిపోలేదు. మా మేనమామ సంక్రాంతి చెడుగుడు పోటీలో మోకాలు విరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ కుంటుతాడు. ఆ ఏడాదే అమ్మమ్మ "వీడు గ్రౌండ్ మొహం చూడకూడదు" అని పట్టుబట్టి నన్ను గుంటూరు వైపు ఒక ఇంటర్ హాస్టల్లో వేయించింది. తెల్లవారుజామున నాలుగున్నరకు గంట. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. కిటికీలకు ఇనుప వల. వారం వారం ర్యాంకులు గోడకు అంటించేవారు. నా పక్క మంచం అబ్బాయి రాత్రుళ్లు నిద్రలో కెమిస్ట్రీ సమీకరణాలు చెప్పేవాడు. రెండో ఏడాది జనవరిలో వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. ట్రంకు పెట్టె ఒక చేత్తో, కొడుకు చెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు. ఆ అబ్బాయి మళ్లీ రాలేదు, మేము ఎందుకని అడగలేదు. మరునాటికి ఆ మంచం మీద ఇంకొకడి దుప్పటి ఉంది. ఇప్పటికీ ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు తెరవాలంటే నాకు చెయ్యి రాదు.

మాకూ నిచ్చెన ఒక్కటే ఉండేది. అది ఎక్కడానికి ఎన్ని తలలు చితికాయో ఏ విశ్వవిద్యాలయమూ కోసి చూడలేదు. లూసియానాలో ఏదో ఊళ్లో కొడుకు హెల్మెట్ బకిల్ బిగించే తండ్రిని, నా ట్రంకు పెట్టె మోసుకొచ్చిన మా నాన్నను పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు పెద్ద తేడా కనిపించలేదు. ఇద్దరికీ భయం తెలుసు. తెలిసే తెచ్చి దించారు. నేను వద్దనగలుగుతున్నానంటే మా నాన్న అప్పుడు సరే అన్నాడు కాబట్టి.

అయినా మా వాడి కాగితం మీద సంతకం పెట్టలేదు. ఇప్పట్లో పెట్టను కూడా. పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఫ్లాగ్ ఆడమన్నాను. వాడు రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలేదు.

జూలై చివర ప్యాకర్స్ శిక్షణ శిబిరం మొదలైంది. ముందురోజు సాయంత్రం పెద్దాయన రెంచి పట్టుకుని మా గ్యారేజీ ముందు నిలబడ్డారు. "పిల్లవాడి సైకిల్ ఏది?" అన్నారు. ఈ ఊరి ఆచారం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆటగాళ్లు స్టేడియం నుంచి సాధన మైదానానికి పిల్లల సైకిళ్ల మీద వెళ్తారు, సైకిల్ ఇచ్చిన పిల్లలు హెల్మెట్ పట్టుకుని పక్కన నడుస్తారు. ఆ పొట్టి వేలితోనే సీటు ఎంత ఎత్తు వస్తుందో కొలిచి, బోల్టు బిగించారు. జూన్ నాటి మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున వరసలో పిల్లలు సైకిళ్లతో నిలబడ్డారు. కొండలాంటి కుర్రవాడొకడు మా వాడి ముందు ఆగి "ఇది నడుపుకోనా?" అని అడిగాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయేమో. మొహంలో ఇంకా పసితనం పోలేదు. సైకిలెక్కితే మోకాళ్లు హ్యాండిల్‌కు తగులుతున్నాయి. మా వాడు రెండు చేతులతో హెల్మెట్ పొదివిపట్టుకుని పక్కన పరుగు. నేను తాడు అవతల నుంచి వాళ్లతో పాటే నడిచాను. మైదానం గేటు దగ్గర జనం ఒత్తిడికి మా వాడి చేతులు జారుతుంటే హెల్మెట్ ఒక్క నిమిషం నాకు ఇచ్చాడు. నీళ్లు నింపిన చెంబంత బరువు. పైన మెత్తటి తొడుగు. లోపలి దిండ్లు చెమట ఎండి గట్టిపడి ఉన్నాయి. నుదురు ఆనేచోట పెన్నుతో రెండు పొడి అక్షరాలు రాసుకున్నాడు. అవి ఎవరివో, అమ్మ పేరువో ఏమో. చదివేలోపే చెయ్యి చాచి తీసుకుని, మా వాడి తల నిమిరి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ కుర్రవాడి బరువుకు సైకిల్ సీటు ఒక పక్కకు ఒరిగింది. సరిచేస్తానంటే మా వాడు ఒప్పుకోవడం లేదు. రెంచి మాత్రం ఇంకా మా గ్యారేజీలోనే ఉంది. తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆ పక్క మంచం అబ్బాయి సంగతి పెద్దాయనకు చెప్పాలి.