బటర్ స్లిప్, పార్కింగ్ టికెట్

ఇంత చిన్న విషయానికి నిద్ర పట్టకపోవడం ఏమిటో. ఐర్లండ్‌లోని కిల్కెన్నీ ఊరు చూసి ఇంటికి వచ్చి నాలుగు గంటలైంది, ఈయన గుర్రు పెడుతున్నారు.

బటర్ స్లిప్ అని ఒక సందు. హై స్ట్రీట్ నుంచి మెట్లు దిగితే సెయింట్ కీరన్స్ స్ట్రీట్‌లో తేలుతాం. 1616 నాటిది. రాతి కమాను, లోపల పట్టపగలే చీకటి. ఒకప్పుడు అక్కడ బారులు తీరి వెన్న అమ్మేవారట. పేరంటే ఇలా ఉండాలి అని మురిసిపోతూ గోడ మీద చెయ్యి వేశానో లేదో, వెనక నుంచి ఈయన "పార్కింగ్ టైమ్ అయిపోతోంది, సందులో ఏం చూస్తావు?" సందట!

వెన్న అనగానే నాకు చల్ల అమ్మే ఆవిడ గుర్తొచ్చింది. అమ్మమ్మ వెన్నముద్దని వేలితో నొక్కి చూసేది. నీటిబొట్టు బయటికొచ్చిందా, ఆ పూటకి మహాభారతమే. ఆవిడేమో జంకకుండా, "నీళ్ళు లేని వెన్న కావాలంటే నెయ్యి కొనుక్కోండమ్మగారూ" అనేది. పోట్లాట అయ్యాక నా అరచేతిలో ఇంత వెన్న పెట్టేది. ఆవిడ పేరు ఎంత ఆలోచించినా రావట్లేదు. అసలెవరైనా పేరు పెట్టి పిలిచారా?

నా కోపం సందు గురించి కాదులెండి. కెథడ్రల్ వైపు వెళ్తే ఐరిష్‌టౌన్. "ఐర్లండ్‌లో మళ్ళీ ఐరిష్‌టౌన్ ఏంటి నాన్నా?" అని అడిగింది బుజ్జిది. "ఏదో పేరులే, నడు." పిల్లకి చెప్పే పద్ధతేనా అది? ఇంగ్లీషువాళ్ళు గోడలు కట్టుకున్నది ఒక ఊరు, కెథడ్రల్ చుట్టూ అంతకు ముందు నుంచీ ఉన్నది ఐరిష్‌టౌన్. 1366లో ఆ కిల్కెన్నీలోనే చట్టం చేశారు, ఇంగ్లీషువాళ్ళు ఐరిష్ మాట్లాడకూడదని, ఐరిష్‌వాళ్ళని పెళ్ళాడకూడదని. మద్రాసులో మనవాళ్ళుండే పేటని బ్లాక్ టౌన్ అన్నట్టే. దాన్నైనా 1911లో రాజుగారి పేరుతో జార్జిటౌన్ చేశారు, దీన్నెందుకు ఇలా వదిలేశారని కారులో రుసరుసలాడాను.

ఇప్పుడేమో, వదిలేయడమే నయమనిపిస్తోంది. మార్చేసి ఉంటే బుజ్జిది అడిగేదే కాదు. జార్జిటౌన్ గురించి నేనెప్పుడైనా అడిగానా?

బోర్డుల మీద ఇప్పుడు ఐరిష్ పేరే పైన ఉంటుంది. బుజ్జిది చదివి వినిపించింది, "స్రాద్" అంటే వీధట. నాకు శ్రాద్ధం అని వినిపించి ఉలిక్కిపడ్డాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఈయన వాచీ చూసుకున్నారు.

కారు దగ్గరికొచ్చి చూస్తే టికెట్‌లో ఇంకా 20 నిమిషాలు.