నొప్పి లేని సొట్ట

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో లోడింగ్ బిల్లులు రాస్తాను. లారీలు వరసగా వస్తే కూర్చునే తీరిక ఉండదు, బల్లకి తొడలు ఆనించి నిలబడే పని చేసుకుంటాం.

ఒక ఆదివారం కాళ్లకి నూనె రాసుకుంటుంటే కుడి తొడ ముందువైపు చెయ్యి లోపలికి దిగింది. అడ్డంగా, రెండు వేళ్ల వెడల్పున సొట్ట. ఎడమ తొడకీ సరిగ్గా అదే ఎత్తులో ఉంది. నొప్పి లేదు, దురద లేదు, రంగు మారలేదు. గిల్లితే స్పర్శ తెలుస్తోంది. అయినా భయం వేసింది.

"ఏందమ్మీ ఇది, కండ కరిగిపోతా ఉందా?" అంది అమ్మ. పెద్దరోగం, అంటే కుష్టు, ఏమోనని ఆమె అనుమానం, పైకి అనలేకపోయింది. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. మొదట చూపించుకున్న చోట బలానికి మాత్రలు రాసి పంపారు.

ఒంగోలులో చర్మవ్యాధుల డాక్టరమ్మ మాత్రం చాలాసేపు అడిగారు. తొడలకి ఇన్సులిన్ గానీ స్టెరాయిడ్ గానీ ఇంజెక్షన్ చేయించుకున్నావా? బిగుతు బట్టలు వేస్తావా? సూది పడిన చోట కూడా కొవ్వు ఇలాగే తరిగిపోతుందట. నాకు అవేవీ లేవు. స్కానింగ్‌లో కండరం బాగానే ఉంది, చర్మం కింద కొవ్వు పొర మాత్రం ఆ సొట్ట పొడవునా పల్చబడింది. అప్పుడు నన్ను చెప్పులతో నిలబెట్టి, నేల నుంచి సొట్ట దాకా టేపుతో కొలిచారు. 72 సెంటీమీటర్లు.

"రేపు మీ ఆఫీసు బల్ల కొలిచి చెప్పమ్మా."

కొలిచాను. అదే ఎత్తు! బల్ల మీద పరిచింది మా గెలాక్సీ గ్రానైట్ పలకే, దాని అంచు కోసింది కోసినట్టే ఉంది.

దీని పేరు లైపోఅట్రోఫియా సెమీసర్క్యులారిస్. అరుదైనదే కానీ కొత్తది కాదు, 1974లోనే వైద్యులు దీని గురించి రాశారు. 2007లో బార్సిలోనాలో ఒక కొత్త ఆఫీసు భవనంలో చాలామంది ఉద్యోగులకి వచ్చింది. ఎక్కువగా ఆడవాళ్లకే వస్తుంది. రోజూ ఒకేచోట పడే ఒత్తిడే ముఖ్య కారణమని డాక్టరమ్మ చెప్పారు. అది అంటదు, ప్రాణానికి ప్రమాదం లేదు అని ఆమె అన్నప్పుడు అమ్మ అక్కడే ఏడ్చేసింది.

మందు ఏమీ రాయలేదు, ఒత్తిడి తీసెయ్యమన్నారు. మా ఓనరుగారికి చెబితే పాలిషింగ్ కుర్రాళ్ల చేత అంచు గుండ్రంగా అరగదీయించి, ఎత్తు స్టూలు వేయించారు. వారాల తరబడి ఏ మార్పూ లేదు. ఆ ఎదురుచూపే అన్నిటికన్నా కష్టం. నెలలు గడిచాక కుడివైపు నిండటం మొదలైంది, ఎడమది నిదానంగా నిండింది. ఇప్పుడు వెలుతురులో పరీక్షగా చూస్తే తప్ప కనపడదు.

సొట్ట దగ్గర ఎర్రబడినా, గట్టిపడినా, నొక్కితే నొప్పి పుట్టినా అది వేరే జబ్బు కావచ్చు, బయాప్సీ దాకా వెళ్లాల్సి రావచ్చు అన్నారు డాక్టరమ్మ. పక్క సీటులో పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పాను. ఆమె కుడి తొడ మీద సన్నగా గీత మొదలైంది. వచ్చే వారం ఇద్దరం కలిసి ఒంగోలు వెళ్తున్నాం.